ఎస్తేరక్క పక్కసీటు

మొన్న నంద్యాలలో మీటింగు ముగించుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. నంద్యాల జిల్లా అయ్యాక మా వ్యాయామ టీచర్లకు మీటింగుల కోసం కర్నూలు దాకా పోయే బాధ తప్పింది. సిరివెళ్ల దాటాక ముందు వడ్ల ట్రాక్టర్లు వరసగా పోతుంటే మా డ్రైవరు క్లచ్చు మీద నుంచి కాలు తీయకుండా బస్సును అంగుళమంగుళం నడిపించాడు. కాసేపటికి కింది నుంచి మాడిన వాసన పైకొచ్చింది. పక్కనున్నామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం కిటికీ వైపున్న ముఖం లోపలికి తిప్పి ఆ వాసన పీల్చాను. రబ్బరు వాసన కాదు, నూనె వాసనా కాదు, రెండింటికీ మధ్య ఏదో చేదు. నాకది ఒక మనిషి వాసన. హెల్మెట్ తీసినప్పుడు ఆమె జుట్టులోంచి అదే వచ్చేది.

ఆ మనిషి పేరు ఎస్తేరు రాణి. నాకు ఎస్తేరక్క. నాపరాళ్ల లారీ నడిపే రత్నం మామ కూతురు. పన్నెండేళ్లు బాస్కెట్‌బాల్ ఆడటమే ఉద్యోగంగా బతికింది. మోకాలు పోయాక కార్ల ర్యాలీల్లోకి వెళ్లింది, ఇంకా అక్కడే ఉంది. పేపర్లో రాసేదంతా ఈ నాలుగు ముక్కల్లో అయిపోతుంది. పేపర్లో రానిది ఒకటుంది. ఇరవై ఐదేళ్లుగా నేను ఆమెను చూసి ఓర్వలేకపోతున్నాను. నాకు ఆట నేర్పింది ఆమే, ఈరోజు నేను చేస్తున్న ఉద్యోగానికి కారణమూ ఆమే. అది తెలిసి కూడా ఓర్వలేకపోతున్నాను. ఆమెను ఎరగనివాళ్లకు ఆమె గురించి చెప్పాలంటే నా ఈ బుద్ధిని దాచిపెట్టి చెప్పడం నా వల్ల కాదు.

ఏడో తరగతి అయ్యాక మా నాయన నన్ను ఆళ్లగడ్డ నుంచి తెచ్చి నంద్యాలలో ఆడపిల్లల హాస్టల్లో చేర్చాడు. మాది సేద్యం ఇల్లు. వరి వేసేవాళ్లం, కొంత పసుపు. మా వీధిలో మగపిల్లల్ని కూడా పరుగులో ఓడించేదాన్ని. బళ్లో డ్రిల్లు సారు నా పరుగు చూసి బాస్కెట్‌బాల్‌కు రమ్మన్నాడు. మొదటి మూడు వారాలూ ఆ గ్రౌండులో నా పేరే మోగింది. నాలుగో వారం, టైఫాయిడ్ నుంచి లేచిన పదో తరగతి పిల్ల ఒకతి వచ్చింది. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. మెడా చేతులూ చెప్పలేనంత పొడవు. ఒక బూటుకు లేసు బదులు టార్పాలిన్ కట్టే తాడు ముక్క. బంతి తీసుకుని, రెండు సార్లు నేలకు కొట్టి, ఎగిరి వేసింది. బంతి రింగును తాకకుండా వలలోంచి జారింది. సారు "వచ్చినావా ఎస్తేరూ" అన్నాడు, అంతే. ఆ సాయంత్రం ఆయన నా పేరు ఒక్కసారి కూడా పిలవలేదు.

ఆమే నా దగ్గరికొచ్చింది. నా ఎదురుగా నిలబడి బంతి వేయమంది. ఆమె చేతుల్లోకి సరిగ్గా వేశాను. బంతి పట్టుకుని అలాగే నిలబడింది.

"ఏందీ ఇది?" అంది.

"పాసక్కా."

"నేనుండే తావుకు ఎవురైనా ఇస్తారు. నేను పొయ్యే తావుకియ్యాల. నేనాడికి పోయేసరికి బాల్ ఆడుండాల."

"నువ్వు యాడికి పోతావో నాకెట్ల తెలుస్తాది?"

"సూడు. సూస్తాంటే తెలుస్తాది."

ఆ రోజు నుంచి చూడటం మొదలుపెట్టాను. ఆమె ఏ కాలు ముందు ఎత్తుతుంది, కుడివైపు మళ్లే ముందు ఎడమ భుజం ఎలా వంచుతుంది, అలసిపోతే ఎన్నిసార్లు పెదవులు తడుపుకుంటుంది, అన్నీ. ఏడాది తిరిగేసరికి కళ్లు మూసుకుని కూడా ఆమె చేతికి బంతి అందించగలిగేదాన్ని. మా ఇద్దరి జోడీ గురించి చుట్టుపక్కల బళ్లల్లో చెప్పుకునేవాళ్లు. కానీ చెప్పుకునేది "ఎస్తేరూ, ఇంకో పిల్లా" అని. ఆ ఇంకో పిల్లను నేను. ఆమె వేసిన ప్రతి బాస్కెట్ వెనక నా చేయి ఉండేది. చప్పట్లు మాత్రం ఆ చేతి దాకా వచ్చేవి కావు.

ఆమె ఆట ఒక్కటే అయితే బహుశా సర్దుకునేదాన్నేమో. రత్నం మామ బేతంచెర్ల నుంచి బండలు వేసుకుని పోతూ మా గ్రౌండు గోడ పక్కన లారీ ఆపేవాడు. క్యాబిన్లోంచి దిగకుండా ఆట చూసేవాడు. ఎస్తేరక్క బాస్కెట్ వేస్తే హారన్ కొట్టేవాడు. వీధి వీధంతా తిరిగి చూసేది. మా నాయన నా ఆట ఒక్కరోజు చూడలేదు. "బాలాడితే ఏమొస్తాది పాపా" అని ఒకసారి నవ్వుతూ అన్నాడు, అంతే, కోపంగా కూడా కాదు. కోప్పడినా బాగుండేది. ఆ హారన్ మోగినప్పుడల్లా నేను బూటు లేసు కట్టుకునే నెపంతో కిందికి వంగేదాన్ని.

ఒక ఆదివారం వాళ్ల చర్చి అయ్యాక తండ్రీకూతుళ్లు నన్ను లారీలో బేతంచెర్ల తీసుకెళ్లారు. గనుల మధ్య దారులు తెల్లగా, సున్నం చల్లినట్టు ఉన్నాయి. ఒక పక్క రాయి తీసిన గొయ్యి, ఇంకో పక్క పగిలిన బండల గుట్టలు. ఖాళీ లారీని అక్కడ ఆపి రత్నం మామ కిందికి దిగి అటువైపు వచ్చాడు. ఎస్తేరక్క స్టీరింగ్ ముందుకు జరిగింది. అప్పటికి ఆమె ఇంటరు చదువుతూ ఆటకు మాత్రం మా గ్రౌండుకే వచ్చేది, పద్దెనిమిది నిండాయి. లారీ కదిలింది. మలుపు దగ్గర ఆమె బ్రేకు వేయబోతే మామ, "యాల బ్రేకు? బండి పోతానంటాంది. పోనీ" అన్నాడు. ఆమె పోనిచ్చింది. వెనక తెల్లటి దుమ్ము లేచి అద్దంలో ఏమీ కనబడలేదు. నేను సీటు కమ్మీ పట్టుకుని వాళ్లిద్దరినీ చూశాను. కూతురి చేతికి అంత బండి ఇచ్చి, పక్కన కూర్చుని బీడీ ముట్టించుకునే తండ్రి. నాకు భయం వేయలేదు. ఏడుపొచ్చింది. దుమ్ము కళ్లలో పడిందని చెప్పాను.

ఇంకొకటి చెప్పాలి. ఇది రాయకుండా దాటేద్దామనే అనుకున్నాను. దసరా సెలవుల్లో ఎస్తేరక్క ఆళ్లగడ్డ మా ఇంటికి వచ్చింది. మా అవ్వ ఆమె ఇంటిపేరు అడిగింది, వాళ్ల నాయన పేరు అడిగింది, తర్వాత లోపలికి పోయి గూట్లో పక్కకు పెట్టిన సత్తు గ్లాసులో నీళ్లు తెచ్చింది. కూలికొచ్చేవాళ్లకిచ్చే గ్లాసు అది. నాకు తెలుసు. ఎస్తేరక్కకూ తెలిసింది. ఆమె తాగింది. తొట్టి దగ్గరికి పోయి గ్లాసు తానే కడిగి, బోర్లించి వచ్చి కూర్చుంది. నేను అవ్వను ఒక్క మాట అనలేదు. అనకపోవడం ఒక తప్పు. అంతకంటే పెద్ద తప్పు, ఆ క్షణంలో నా లోపల ఎక్కడో చల్లగా అనిపించడం. ఈమె కంటే నాకు ఎక్కువున్నది ఒక్కటైనా ఉందని. ఆ చల్లదనం గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ నాకు నేనే పరాయిదానిలా అనిపిస్తాను. చాలా ఏళ్ల తర్వాత ఆ గ్లాసు సంగతి ఎత్తి క్షమించమని అడిగాను. "అవ్వది సరే. నీ మొగం సూసినా ఆ పొద్దు" అంది. క్షమించానని అనలేదు.

ఆ చలికాలమే కర్నూలులో రాష్ట్ర జట్టుకు ఎంపిక జరిగింది. మమ్మల్నందరినీ రెండు జట్లు చేసి ఆడించారు. ఎస్తేరక్కా నేనూ ఒకే జట్టు. గోడ పక్కన కుర్చీల్లో ముగ్గురు కూర్చుని కాగితాల మీద రాసుకుంటున్నారు. మొదటి సగంలో ఆమె ఎన్ని బాస్కెట్లు వేసిందో గుర్తులేదు గానీ వేసినప్పుడల్లా ఆ ముగ్గురి తలలూ కిందికి వంగడం, రాయడం గుర్తుంది. మూడో క్వార్టర్ మొదలయ్యాక నేను ఆమెకు బంతి ఇవ్వడం మానేశాను. ముందే అనుకుని చేసింది కాదు. ఒకసారి ఇవ్వలేదు. ఎవరూ ఏమీ అనలేదు. రెండోసారీ ఇవ్వలేదు. ఆమె ఖాళీ చోటుకు పరిగెత్తి చేయెత్తేది, నేను ఇంకోవైపు చూసేదాన్ని. నేనే వేసేదాన్ని. రెండు పడ్డాయి, మిగతావి పడలేదు. ఆమె ఒక్కసారి కూడా అరవలేదు. ప్రతిసారీ పరిగెత్తింది, ప్రతిసారీ చేయెత్తింది. నాలుగో క్వార్టర్లో సారు నన్ను బయట కూర్చోబెట్టాడు.

సాయంత్రం జాబితాలో ఆమె పేరుంది, నాది లేదు. బస్టాండులో నా పక్కన బెంచీ మీద కూర్చుని పల్లీల పొట్లం విప్పింది.

"యాలియ్యలే?" అంది.

"సూసుకోలేదక్కా."

"నువ్ సూడకుండా ఉంటావా?" నా చేతిలో గుప్పెడు పల్లీలు పోసింది. "ఓర్సుకోలేకుంటే ఓర్సుకోవద్దులే. అది నీ చేతిలో లేదు. బాల్ నీ చేతిలో ఉంది. బాలియ్యి."

ఆమె తిట్టి ఉంటే ఆమెను ద్వేషించడానికి నాకో దారి దొరికేది. ఆ పల్లీలు తినలేక, పారేయలేక నంద్యాల దాకా గుప్పిట్లో పట్టుకునే కూర్చున్నాను.

తర్వాత ఆమె దారి పైకి పోయింది. సికింద్రాబాదులో ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చే ఒక సంస్థ ఆమెను తీసుకుంది. కొన్నాళ్లకు చెన్నైలో డబ్బిచ్చి ఆడించే లీగులో చేరింది, ఒక సీజను మాల్దీవుల్లో ఒక క్లబ్బుకు ఆడింది. నేను డిగ్రీ చేసి, వ్యాయామ టీచరు కోర్సు చేసి, ఆళ్లగడ్డలో బడి ఉద్యోగంలో చేరాను. ఆ కోర్సుకు దరఖాస్తు తెప్పించి ఇచ్చింది ఆమే. పెళ్లైంది. నా భర్త సుబ్బరాయుడు ఎరువుల అంగడి నడుపుతాడు, నెమ్మదైన మనిషి. ఎస్తేరక్క ఆటలు ఫోనులో వచ్చే కాలం వచ్చాక నేను ఒక్కటీ వదల్లేదు. ఆయన మెచ్చుకునేవాడు, "స్నేహితురాలంటే నీకెంత అభిమానం" అని. ఆమె ఫ్రీ త్రోలు తప్పినప్పుడు నేను వెనక్కి జరిపి మళ్లీ చూసేదాన్నని ఆయనకు తెలియదు.

ఒకరోజు మధ్యాహ్నం ఆట చూస్తుండగా ఎస్తేరక్క బంతి కోసం ఎగిరి, కిందికి దిగుతూ కుడికాలు మెలితిరిగి పడిపోయింది. లేవలేదు. ఇద్దరు ఆమెను మోసుకుపోయారు. నేను ఫోను పక్కన పెట్టి అన్నానికి కూర్చున్నాను. ఆ రోజు గోంగూర పప్పు. రెండోసారి వడ్డించుకుని తిన్నాను. చేయి కడుక్కుంటుంటే తెలిసింది, ఎన్నాళ్లకో నాకు అంత ఆకలి వేసిందని. కొళాయి కట్టేయడం మరిచి అక్కడే నిలబడిపోయాను.

మోకాలి లోపలి లిగమెంటు తెగిందన్నారు. ఆపరేషన్ చేశారు. ఆమె నంద్యాలకు వచ్చిందని తెలిసి, ఆళ్లగడ్డలో మైసూరుపాకు కట్టించుకుని వెళ్లాను. నేను వెళ్లేసరికి కాలు స్టూలు మీద చాపుకుని మంచం మీద కూర్చుని ఉంది. రత్నం మామ లారీ మానేశాడు, జుట్టంతా తెల్లబడింది.

"వచ్చినావా" అంది ఎస్తేరక్క. "పలకరించనీకా, సూడనీకా?"

"అదేం మాటక్కా."

"ఊరికే అంటాండా. కూసో. సూడు, బాగా సూడు. ఇంక ఎగరొద్దన్నారు."

నేను ఊహించుకుని వచ్చిన ముఖం వేరు. ఏడ్చి ఉబ్బిన ముఖం, తగ్గిన గొంతు. అలాంటిదేమీ లేదు. కాలు వంచడం, చాపడం, మళ్లీ వంచడం. నొప్పికి పెదవులు తడుపుకుంటోంది. ఓడిపోయాక కూడా ఈ మనిషికి ఓడిపోవడం రాలేదే అని నాకు కోపం వచ్చింది. నిజంగా కోపమే.

ఏడాది తర్వాత ఆమె నడక కుదుటపడింది. రత్నం మామ కొన్న పాత జీపును గనుల దారుల్లోకి తీసుకెళ్లి నడపడం మొదలుపెట్టింది. మొదట కాలికి వ్యాయామమని చెప్పింది. తర్వాత చెప్పడం మానేసింది. కోయంబత్తూరులో ఒక ర్యాలీ జట్టువాళ్లు ఆడవాళ్లను పరీక్ష చేస్తున్నారని విని పోయింది, ఎంపికైంది. ముప్పై మూడేళ్ల వయసులో! నాకు అప్పటికి ముప్పై, నాకు రోడ్డు మీద స్కూటీ నడపడమే గండం. ఒకరోజు మా బడి గేటు ముందు జీపు ఆగింది.

"నా పక్కన కూసోనీకి మనిషి గావాల" అంది.

ర్యాలీ అంటే ఏమిటో అప్పుడే తెలుసుకున్నాను. అందరూ కలిసి ఒకేసారి పరిగెత్తే పందెం కాదది. మట్టిదారుల్లో ఒక్కొక్క బండినీ విడిగా వదులుతారు, ఎవరు తక్కువ సమయంలో దాటితే వాళ్లు గెలిచినట్టు. బండిలో ఇద్దరుంటారు. ఒకరు నడుపుతారు. పక్కసీట్లో ఉన్నవాళ్లు, ముందుగానే ఇద్దరూ ఆ దారి చూసి నడిపేవాళ్లు చెబుతుంటే రాసుకున్న పుస్తకం చూస్తూ, రాబోయే మలుపు ఎటు, ఎంత వంపు అన్నది బిగ్గరగా చదవాలి. నడిపేవాళ్లు ఆ మాట నమ్మి కనబడని మలుపులోకి బండిని వదలాలి.

"నేనెందుకక్కా? ఆడ నేర్చినోళ్లు ఉంటారు గదా."

"నేర్చినోళ్లు దారి సూస్తారు. నేను పొయ్యే తావుకు ముందే మాట పడాల. అది నీకొచ్చు."

కర్నూలు గుర్తుకు రాలేదా అని అడగాలనిపించింది. ఆమెకు గుర్తులేక కాదు. గుర్తుండీ అడుగుతోంది. ఆ రోజంతా ఆలోచించాను. ఆమె పక్కన మళ్లీ "ఇంకో పిల్ల"గా కూర్చోవాలా అనిపించింది. ఇంకెవరైనా కూర్చుంటే చూస్తూ ఎలా ఉంటాననీ అనిపించింది. రెండోది గెలిచింది.

నాలుగు నెలలు ప్రతి ఆదివారం బేతంచెర్ల గనుల్లో సాధన చేశాం. మలుపులకు ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు, ఒకటంటే బాగా ముడుచుకున్నది, ఆరంటే దాదాపు తిన్నగా ఉన్నది. మిగతా జట్లు ఇంగ్లీషులో చదివేవాళ్లు. మేము మా మాటల్లోనే రాసుకున్నాం. "ఎడం మూడు, ముడుచుకుంటాది. గుంత. కుడి అయిదు, కొట్టెయ్." కొట్టెయ్ అంటే వేగం తగ్గించకుండా పోనివ్వమని. మొదట్లో నా నోట్లోంచి మాట వచ్చేసరికి మలుపు దాటిపోయేది. నెల తిరిగేసరికి నా గొంతు ఆమె చేతుల కంటే ముందు నడవడం నేర్చుకుంది. ముఖాల నిండా తెల్లటి దుమ్ముతో బండి దిగి, ఒకరినొకరు చూసుకుని నవ్వేవాళ్లం. ఆ నాలుగు నెలల్లో నేను ఆమె మీద అసూయ పడిన గుర్తు లేదు. నా జీవితంలో అంత పొడుగు సెలవు మళ్లీ దొరకలేదు.

కర్ణాటకలో నీలగిరి చెట్ల తోటల మధ్య మా మొదటి ర్యాలీ. రెండో రోజు, ముందు పోయిన బండి దుమ్ము ఇంకా తగ్గలేదు. ఒక మిట్ట ఎక్కుతున్నాం, దాని అవతల ఏముందో కనబడదు. పుస్తకంలో ఉంది: మిట్ట దాటగానే ఎడమ రెండు, బయటి వైపు కాలువ. ఆ మాట నా నోట్లో ఉంది. ఆమె బండిని నిండు వేగంతో ఎక్కిస్తోంది. తల తిప్పలేదు, అనుమానం లేదు. ఆ రెప్పపాటులో నాకొకటి అర్థమైంది. ఈ మాట నేను మింగితే చాలు. చేయాలనుకున్నానని కాదు. చేయగలనని తెలిసింది. కర్నూలులో బంతి ఆపిన మనిషిని ఏరికోరి తెచ్చి, తన ప్రాణం ఆమె నాలుక మీద పెట్టి పోతోంది ఈమె. నాకు ఆ వేగం కంటే ఆ నమ్మకానికే ఎక్కువ భయమేసింది. "మిట్ట, ఎడం రెండు, కాలవ!" అని అరిచాను. బండి గాల్లోకి లేచి, దిగి, వెనకభాగం జారుతూ మలుపు తిరిగింది. కాలువ ఆమె కిటికీ పక్కనుంచి పోయింది.

ఆడవాళ్ల విభాగంలో మాకు రెండో స్థానం వచ్చింది. ఆమె హెల్మెట్ తీసి నా తల మీద చేయి వేసి ఊపింది. మర్నాడు ఒక పేపర్లో ఫోటో పడింది. బానెట్ మీద కూర్చున్న ఎస్తేరక్క, ఫోటో అంచున ఎవరిదో ఒక భుజం. ఆ భుజం నాది. నా పేరు ఆమె పదేపదే చెప్పిందట, వాళ్లు వేయలేదు. ఆమె తప్పేమీ లేదని తెలిసి కూడా నాకు మళ్లీ పాత హారన్ వినబడింది. తర్వాతి ర్యాలీకి పిలిచినప్పుడు ఫోనులో గబగబా చెప్పేశాను, బళ్లో పరీక్షలున్నాయి, సెలవివ్వరు, మా ఆయన కూడా వద్దంటున్నాడు అని.

"సరేలే" అంది. "అబద్ధం చెప్పేటప్పుడు నిదానంగా చెప్పు ప్రమీలా. ఇట్ల పరిగెత్తిస్తే నేను మలుపు తిరగలేను."

నవ్వుతూనే అంది. నేను ఫోను పెట్టేశాక ఏడ్చాను. అయినా మళ్లీ ఫోను చేసి వస్తానని చెప్పలేదు.

నా సీట్లో కోయంబత్తూరు అమ్మాయి ఒకతి కూర్చుంది. ఇద్దరూ గెలుస్తూ పోయారు. ఈసారి నా కళ్లు ఎస్తేరక్క మీద కంటే ఆ అమ్మాయి మీదే ఎక్కువ ఉండేవి. మూడేళ్లకు ఒక ర్యాలీలో బండి దారి తప్పి రెండు పల్టీలు కొట్టింది. ఆ అమ్మాయికి ఏమీ కాలేదు. ఎస్తేరక్కకు భుజం ఎముక విరిగింది. వార్త చూడగానే నాకు తోచిన మొదటి మాట, నేనుంటే అలా జరిగేది కాదని. రెండో మాట, ఆ పిల్ల సరిగా చదవలేదన్నమాట అని. దాంట్లో సంతోషం ఉంది. ఆమె ఎలా ఉందన్న మాట మూడోది.

రెండు రోజులకు ఆసుపత్రి నుంచి ఆమే ఫోను చేసింది.

"బండిలో కెమెరా ఉండె. వీడియో పంపిస్తాండా. సూసి చెప్పు, యాడ తప్పు."

"ఆ అమ్మాయి లేటుగా చదివిందేమో అక్కా."

"ఆ పిల్ల తప్పు కాదు. నేను రాయించిందాంట్లోనే యాడనో ఉంది. నాకు దొరకల్యా. ఈడ అందురూ నన్ను మెచ్చుకునేటోళ్లే. మా నాయనకు సూపిస్తే మురిసిపోతాండాడు, పల్టీ కొట్టేది గూడా బాగుందంటాడు. నువ్ సూడు."

"నేనే ఎందుకు?"

"నువ్ నన్ను ఓర్సుకోలేవు గదా" అంది, వంట బాగా చేస్తావు గదా అన్నంత మామూలుగా. "అట్లాంటోళ్ల కంటికే తప్పు దొరికేది."

నాకు ముఖం మండిపోయింది. కానీ వీడియో చూశాను. ఆదివారమంతా కూర్చుని చూశాను. పల్టీ కొట్టిన చోట తప్పు లేదు. దానికి రెండు మలుపుల ముందు ఆమె "కుడి నాలుగు" అని రాయించింది, అది మూడు. ఆ తేడా వల్ల బండి కొద్దిగా బయటికి పోయి, తర్వాతి మలుపుకు తప్పు కోణంలో చేరింది. ఆమె భుజం అక్కడ చిన్నగా బిగుసుకోవడం నాకు కనబడింది. చిన్నప్పుడు చూసిన భుజమే. ఫోను చేసి చెప్పాను. ఆమె ఆ రెండు మలుపులూ అక్కడే మళ్లీ పెట్టుకుని చూసింది. తర్వాత, "అదే" అంది.

అప్పటి నుంచి ప్రతి ర్యాలీ తర్వాతా నాకు వీడియో వస్తుంది. నేను నోటు పుస్తకం పెట్టుకుని చూసి, ఆమె చేసిన తప్పులన్నీ రాసి పంపుతాను. గెలిచినవి కూడా. గెలిచినవే ఇంకా శ్రద్ధగా చూస్తాను. ఈ పనికి నాకు ఎవరూ చప్పట్లు కొట్టరు, ఏ ఫోటో అంచునా నేను లేను. అయినా మానలేదు. అభిమానమా అని సుబ్బరాయుడు ఇప్పటికీ అడుగుతాడు. కాదని ఇప్పుడు ఆయనకు చెప్పేశాను. ఆయన నమ్మలేదు.

నా అసూయ తగ్గిందని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. ఇప్పుడది నా బడి పిల్లల మీదకూ పోతుంది. తొమ్మిదో తరగతిలో షబానా అని ఒక పిల్ల ఉంది, నేను ఏడాది పట్టి నేర్చుకున్నదాన్ని వారంలో చేస్తుంది. ఆ పిల్ల ఎగిరినప్పుడు సంతోషం కంటే ముందు లోపల ఆ పాత హారన్ మోగుతుంది. మోగనిస్తాను. ఆటలో ఒకరికొకరు బంతి ఇచ్చుకోని పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. మిగతా టీచర్లు వాళ్లకు కలిసిమెలిసి ఉండటం గురించి చెప్తారు. నేను చెప్పను. పక్కకు పిలిచి, "దాన్ని చూస్తే నీకు ఓర్వలేనితనమా? ఉండనీ. బంతి మాత్రం ఇయ్యి" అంటాను. మొదట ఉలిక్కిపడి చూస్తారు. తర్వాత చాలామంది ఇస్తారు. నంద్యాల మీటింగులో జిల్లా ఎంపికకు పేర్లు అడిగితే షబానా పేరు ఇచ్చి వచ్చాను.

గడిచిన ఆదివారం ఎస్తేరక్క ఒక ర్యాలీ గెలిచింది. నలభై దాటింది, పక్కన కూర్చున్నది ఆమెలో సగం వయసున్న పిల్ల. వీడియో వచ్చింది. రెండు రోజులు కూర్చుని పదకొండు తప్పులు పట్టాను. ఏ మలుపు, ఎక్కడ బ్రేకు తొందరగా పడింది, ఎక్కడ ఆలస్యంగా వదిలింది, అన్నీ వరసగా రాసి పంపాను. పంపేటప్పుడు నాకు కొంచెం గర్వంగా ఉంది, దాచుకోను.

పది నిమిషాలకు జవాబు వచ్చింది. "పన్నెండోది సూల్యా నువ్."

మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నాను. ఇప్పటికి నాలుగు సార్లు చూశాను. నాకు దొరకడం లేదు. ఆమె తప్పు నాకంటే ముందు ఆమెకే దొరికిందంటే ఓర్వలేకపోతున్నాను. అడిగితే చెప్తుంది. నేను అడగను.